నెల్లూరు, ఒంగోలు ఇళ్ల యాప్‌కు ఆకు గుర్తు అక్కర్లేదు, నీళ్ల లెక్క కావాలి

అడిగింది క్లుప్తంగా ఇదీ: కందుకూరు నుంచి ఇద్దరు స్నేహితులు నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల పర్యావరణానికి మేలు చేసే ఇళ్లు కొనుక్కునేవాళ్ల కోసం మొబైల్ యాప్ తయారుచేస్తున్నారు. పద్నాలుగు స్క్రీన్లు గీశారు. ప్రతి ఇంటికీ నూటికి ఇన్ని మార్కులని గ్రీన్ స్కోరు, పక్కన ఆకు గుర్తు. స్కోరు ఎలా లెక్కకట్టాలి, ఏ ఫిల్టర్లు పెట్టాలి, డబ్బులు ఎలా వస్తాయి అన్నవి ప్రశ్నలు.

ముందు సూటిగా చెప్పేస్తాను. స్కోరు తీసేయండి. పద్నాలుగు స్క్రీన్లలో నాలుగు చాలు: ఇళ్ల జాబితా, ఇంటి పేజీ, రెండిళ్లు పక్కపక్కన పెట్టి చూసే పేజీ, ఇల్లు చూడ్డానికి టైం అడిగే పేజీ. మీ కష్టమంతా ఇంటి పేజీ మీద పెట్టండి. ఆ పేజీ "ఇది గ్రీన్ హోమ్" అని చెప్పకూడదు. బోరు నీళ్లు ఎలా ఉన్నాయి, మే నెలలో పడమటి గది ఎంత కాగుతుంది, కరెంటు ఎన్ని యూనిట్లు కాలుతుంది, వానకు వీధి మునుగుతుందా అన్నవి చెప్పాలి. ఒక్కో మాట పక్కన అది ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో ఉండాలి.

నా సంగతి: సివిల్ డిప్లొమా చేసి ఆరేళ్లు నెల్లూరు చుట్టుపక్కల సైట్ల మీద తిరిగాను. తర్వాత యాప్ డిజైన్‌లోకి వచ్చాను. మీరు చేస్తున్నలాంటి యాప్‌నే నలుగురం కలిసి రెండేళ్లు నడిపి మూసేశాం. కాబట్టి కింద రాసేవి ఎక్కువభాగం చేతులు కాల్చుకుని తెలుసుకున్నవే.

మా మొదటి వెర్షన్‌లోనూ ఆకు ఉండేది. మాగుంట లేఅవుట్‌లో ఒక రిటైర్డ్ టీచర్ గారికి ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చున్నాను. ఆయన ఆకు మీద రెండుసార్లు నొక్కి, "ఇదేంది నాయనా, తోట ఉందనా?" అన్నారు. తర్వాత 74 మార్కుల ఇల్లూ 68 మార్కుల ఇల్లూ చూసి, "ఆ ఆరు మార్కులు యాడ తగ్గినయ్యి?" అని అడిగారు. నిజానికి తగ్గింది సోలార్ హీటర్ లేనందుకు. 74 వచ్చిన ఇంట్లో బోరు నీళ్లు ఉప్పన. ఆయనకు కావాల్సింది నీళ్లు, మేం చూపించింది మొత్తం కూడిక. వేరువేరు సంగతుల్ని కలిపి ఒక్క అంకె చేస్తే కొనేవాడికి అవసరమైందే అందులో మునిగిపోతుంది. ఇక బిల్డర్ల వైపు నుంచి ఏం జరిగిందంటే, ఒకాయన ఫోన్ చేసి "ఇంకో పది మార్కులు రావాలంటే ఎంతవుద్ది?" అని అడిగాడు. ఆ రాత్రే స్కోరు పీకేశాం.

నీళ్లు. ఇంటి పేజీలో మొదటి వరుస ఇదే కావాలి. తూర్పున ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు వైపు సముద్రానికీ రొయ్యల గుంటలకూ దగ్గరయ్యేకొద్దీ బోరు ఉప్పనవడం మన వాళ్లందరికీ తెలిసిందే. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగున్న లవణాల లెక్క. దాని మీటరు చిన్న పెన్నులా ఉంటుంది, ఖరీదు కాదు, ఒకటి కొనండి. మోటారు వేసి పది నిమిషాలు వదిలేశాక గ్లాసులో పట్టి ముంచండి. ట్యాంకులో నిలవున్న నీళ్లు వద్దు, అవి మున్సిపల్ నీళ్లో ట్యాంకరు నీళ్లో అయ్యుంటాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా సర్దుకోవచ్చు. ఈ రెండు గీతలు స్క్రీన్ మీద గీసి, ఇంటి రీడింగ్ ఎక్కడ పడిందో చుక్క పెట్టండి. వ్యాఖ్యానం అక్కర్లేదు.

తేదీ ఎందుకంటున్నానంటే, మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. జనవరిలో కొలిస్తే చాలా బోర్లు బాగానే కనపడతాయి. మే నెలాఖరులో కొలిచిందే అసలు లెక్క. కుదిరితే రెండూ చూపించండి.

ఇక్కడ మేం చేసిన పెద్ద తప్పొకటి చెప్పాలి. పొదిలి వైపు ఒక ఇంటికి టీడీఎస్ బాగానే వచ్చిందని "నీళ్లు మంచివి" అని రాసేశాం. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతంలో ఫ్లోరైడ్ సమస్య ఎంత పాతదో నాకు తెలియక కాదు, ఆ క్షణానికి తట్టలేదు, అంతే. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ని చూపించదు. దానికి ల్యాబ్ పరీక్ష వేరే చేయించాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుండాలి, మరీ తప్పకపోతే 1.5. ఆ ఇంటిని చూడ్డానికి వచ్చిన పెద్దావిడే, "ఈ ఊళ్లో పిల్లోళ్ల పళ్లు చూసినావా అబ్బయ్యా" అని అడిగింది. యాప్‌లో కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఇళ్లకు ఫ్లోరైడ్ గడి తప్పనిసరి చేయండి. నింపకపోతే ఇల్లు లిస్టులోకి రాకూడదు.

ఇంకుడు గుంత సంగతి. బ్రోచర్లో అందరికీ ఉంటుంది. ఒక వెంచర్లో నేను మూత ఎత్తి చూస్తే లోపల ఖాళీ సిమెంటు సంచులున్నాయి. ఇంకోచోట గుంత బాగానే ఉంది, రాళ్లూ ఇసకా పొరలుగా వేశారు, కానీ మిద్దె మీది పైపు దానికి కలపలేదు, రోడ్డు మీదికి వదిలేశారు. అందుకని "ఇంకుడు గుంత ఉంది" అనే టిక్ మార్కు పెట్టొద్దు. రెండు ఫోటోలు అడగండి: మూత తీసిన గుంత ఒకటి, మిద్దె పైపు గుంతలోకి దిగే చోటు ఒకటి. ఫోటో అడిగేసరికి సగంమంది ఆ గడి ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీ కూడా కొనేవాళ్లకు సమాచారమే.

వేడి. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన వైపు పర్యావరణహిత ఇల్లు అంటే జనం వాడే మాట "చల్లటిల్లు". నెల్లూరు అక్షాంశం పద్నాలుగున్నర డిగ్రీలకు కాస్త తక్కువ. ఏప్రిల్ నెలాఖరులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అక్కణ్నుంచి ఆగస్టు సగం దాకా మిట్టమధ్యాహ్నం ఉత్తరం పక్కకే ఉంటాడు. అంటే ఎండాకాలంలో పెద్ద దెబ్బ మిద్దెకు, తర్వాత పడమటి గోడకు. ఉత్తరపు కిటికీకి ఎండ రాదులే అన్న ధీమా కూడా ఆ నెలల్లో కుదరదు.

ఇప్పుడు వాస్తు. ఫేసింగ్ ఫిల్టర్ పెట్టాలా వద్దా అని మీ డిజైన్‌లో ప్రశ్న గుర్తు పెట్టుకున్నారు. పెట్టండి, వాదించొద్దు. తూర్పు ఫేసింగ్ అడక్కుండా మన దగ్గర ఇల్లు చూసేవాళ్లు తక్కువ. కానీ ఒక సంగతి గమనించండి. వాస్తు ప్రకారం యజమాని పడకగది నైరుతిలో వస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకే దాకా ఎండ తినే పడమటి గోడ ఆ గదికీ ఉంటుంది. పగలంతా గోడ తాగిన వేడి రాత్రి మనం పడుకునే వేళకు లోపలికి వదుల్తుంది. వాస్తును మార్చలేం, గోడను మార్చొచ్చు: బయట సజ్జ, చెట్టు నీడ, మధ్యలో గాలి ఖాళీ వదిలిన రెండు వరసల గోడ, లేదా ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు దిమ్మెలు). కాబట్టి ఇంటి పేజీలో "నైరుతి గది" అని ఒక వరుస పెట్టి, పడమటి గోడకు నీడ ఉందా, గోడ దేంతో కట్టారు అన్న రెండు ముక్కలు రాయండి. మా యాప్ మొత్తంలో జనం ఎక్కువసేపు చదివిన వరుస ఇదే.

కొలవడం ఎలా? గన్ థర్మామీటర్, అంటే కరోనా టైంలో నుదుటికి పెట్టిన రకం కాదు, మెకానిక్కులు వాడే రకం కొనండి. రాత్రి ఎనిమిదింటికి నైరుతి గదిలో సీలింగ్‌కి ఒకటి, పడమటి గోడకు ఒకటి రీడింగ్ తీసి, అదే టైంకి బయట గాలి ఎంతుందో పక్కన రాయండి. వేదాయపాళెంలో ఒకే వీధిలో రెండిళ్లు చూశాం, రెండూ పై అంతస్తులే. ఒకదానికి మిద్దె మీద తెల్ల కూల్ రూఫ్ పూత ఉంది, ఇంకోదానికి ఏమీ లేదు. సీలింగ్ రీడింగుల్లో నాలుగు డిగ్రీల తేడా వచ్చింది. ఆ రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే మా సేల్స్ అబ్బాయి నోరు మెదపాల్సిన పని లేకపోయింది. తెల్ల పూత దుమ్ము పట్టి మూడు నాలుగేళ్లకు మందగిస్తుంది, మళ్లీ వేయించాలి. అందుకే వేసిన తేదీ కూడా రాయండి.

ఫేసింగ్ విషయంలో చిన్న జాగ్రత్త: ఫోన్‌లో దిక్సూచి నమ్మొద్దు. శ్లాబులో ఇనుముంటే ముల్లు తప్పు చూపిస్తుంది. మ్యాపులో శాటిలైట్ ఫోటో మీద ఇంటి గీత గీయించి దిక్కు అక్కణ్నుంచి తీసుకోండి.

ఇల్లు కట్టిన సామాన్ల గురించి ఒక్క వరుస చాలు. నేలటూరు థర్మల్ ప్లాంటు బూడిద దగ్గర్లోనే దొరుకుతుంది కాబట్టి నెల్లూరులో ఫ్లైయాష్ ఇటుక మామూలే. ఒంగోలుకు చీమకుర్తి గ్రానైట్ పక్కనే, లారీ ఖర్చు తక్కువ. అయితే ఆ నల్లరాయిని పడమటి గోడకు బయట అందం కోసం అంటించినవాళ్లని చూశాను. సాయంత్రం ఆ గోడ పక్కన నిలబడితే తెలుస్తుంది.

కరెంటు. బిల్డర్ అంచనా తీసుకోవద్దు. అదే అపార్ట్‌మెంటులో ఉంటున్నవాళ్ల మే బిల్లు, డిసెంబరు బిల్లు అడగండి. రూపాయలు కాదు, యూనిట్లు రాయండి. చార్జీలు మారతాయి, యూనిట్లు మారవు. కరెంటు సంస్థలు వేరు, నెల్లూరుకు ఎస్పీడీసీఎల్, ఒంగోలుకు సీపీడీసీఎల్, కాబట్టి బిల్లు ఫోటో నుంచి అంకెలు చదివించే ఆలోచనుంటే రెండు నమూనాలతోనూ పరీక్షించండి.

సోలార్ విషయంలో యాప్‌లో ఇలా రాయండి: పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. 2 కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78,000 రాయితీ. అది మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలో పడుతుంది. బిల్డర్ "సబ్సిడీ తగ్గించి చెప్తున్నా" అంటే ఆ లెక్క విడిగా అడగాలి. కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల నీడపడని మిద్దె కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. ఫ్లాట్ అయితే అసలు ప్రశ్న ప్యానెల్ కాదు, టెర్రస్ మీద ఎవరికి హక్కుంది అన్నది. ఆ గడి ఎవరూ పెట్టరు. మీరు పెట్టండి.

వరద. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు, కోవూరు వైపు ఏం జరిగిందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఇంటి పేజీలో ఒకే ప్రశ్న పెట్టండి: "2021 నవంబరులో ఈ వీధిలోకి నీళ్లొచ్చాయా, ఎంత ఎత్తు?" జవాబు బిల్డర్ చెప్పకూడదు. ఎదురింటివాళ్లు, మూలమీది చిల్లర కొట్టాయన, పాలు పోసే ఆవిడ, ఈ ముగ్గురినీ అడిగితే సరిపోతుంది. కొత్త లేఅవుట్ అయితే అది చెరువు అలుగు కిందో, వాగు పోరంబోకులోనో ఉందేమో రెవెన్యూ రికార్డులో చూడండి. చెరువులో కట్టిన ఇంటికి ఎన్ని సోలార్ ప్యానెళ్లు పెట్టినా అది పర్యావరణానికి మేలు చేసే ఇల్లు కాదు.

ఇక రుజువు సంగతి. మేం చివరికి మూడు మాటల దగ్గర స్థిరపడ్డాం: "బిల్డర్ మాట", "కాగితం ఉంది", "మేం చూశాం". ప్రతి వరుసకూ ఈ మూడింట్లో ఒకటి, తేదీతో. ఏదీ లేకపోతే, పైన చెప్పిన ఫ్లోరైడ్ గడికి తప్ప, "తెలియదు" అని కనపడాలి, ఆ వరుసను దాచొద్దు. మొదట్లో బిల్డర్లు గొడవపడ్డారు. పక్కవాడి పేజీలో "మేం చూశాం" అని కనపడ్డాక వాళ్లే ఫోన్ చేసి రమ్మన్నారు.

"కాగితం" దగ్గర ఒక మెలిక. హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) కట్టడాలకు "సర్టిఫైడ్", "సిల్వర్", "గోల్డ్", "ప్లాటినం" అని స్థాయిలిస్తుంది. "గృహ" (GRIHA) అనే ఇంకో రేటింగ్ నక్షత్రాలిస్తుంది, అయిదు దాకా. వీటిలో ప్రీ-సర్టిఫికేషన్ అంటే డిజైన్ చూసి ఇచ్చింది, కట్టాక చూసి ఇచ్చింది కాదు. హోర్డింగు మీద మాత్రం రెండూ ఒకేలా కనపడతాయి. మీ యాప్‌లో రెండూ వేరే మాటలతో ఉండాలి. మన రెండు జిల్లాల్లో మామూలు ఇండిపెండెంట్ ఇంటికి ఏ సర్టిఫికెట్టూ ఉండదు, అది తప్పేం కాదు. సర్టిఫికెట్ ఉంటేనే లిస్టులో అని పెట్టుకుంటే ఖాళీ యాప్ మిగులుతుంది.

ఇంకోటి, ఇది మీ మెడకు చుట్టుకునేది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో గ్రీన్‌వాషింగ్ మీద, అంటే పర్యావరణానికి మేలని ఉత్తుత్తిగా చెప్పుకోవడం మీద, మార్గదర్శకాలు ఇచ్చింది. "ఎకో ఫ్రెండ్లీ", "గ్రీన్" లాంటి మాటలు ఊరికే వాడకూడదు, వివరం, ఆధారం చూపించాలి. మీ ఆకు గుర్తు కూడా ఒక ప్రకటనే. తీసేయమనడానికి ఇది రెండో కారణం.

ఫిల్టర్ల గురించి. మీరు పదకొండు గీశారు. నెల్లూరు, ఒంగోలు, కావలి కలిపి మొదట్లో మీ దగ్గర ఉండేవి మహా అయితే అరవై ఇళ్లు. అందులో బడ్జెట్, ఫేసింగ్, ఏరియా పెట్టేసరికే రెండు మిగుల్తాయి, నాలుగోది నొక్కితే సున్నా. మా యాప్‌లో జనం ఎక్కువగా చూసిన స్క్రీన్ "ఫలితాలు లేవు" అన్నదే, సిగ్గు విడిచి చెప్తున్నా. ఆ మూడే ఉంచండి. మిగతావి వరస మార్చడానికి వాడండి: "నీళ్లు బాగున్నవి ముందు", "చల్లగా ఉండేవి ముందు". అప్పుడు ఏదీ మాయం కాదు, కిందికి పోతుంది అంతే.

కొలతలు: నెల్లూరులో స్థలం రేటు అంకణాల్లో చెప్తారు. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అదే మాటకు 36 చదరపు అడుగులు. ఒంగోలులో గజాల లెక్క. ఊరిని బట్టి మొదట కనపడే కొలత మారాలి, నొక్కితే మిగతావి రావాలి. బయట నుంచి తెచ్చిన టెంప్లేట్‌లో చదరపు అడుగులు ఒక్కటే పెట్టి, కాలిక్యులేటర్ తీసే పని మన వాళ్లకు పెట్టొద్దు.

తెలుగు: ఎవరూ "పర్యావరణహిత గృహం" అని వెతకరు. మైకు నొక్కి "నీళ్ల ఇబ్బంది లేని ఇల్లు", "త్రీ బీహెచ్‌కే ఈస్ట్ ఫేస్ వేదాయపాళెం" అంటారు. వాటికి జవాబు రావాలి. బటన్ మీద "సమర్పించు" కాదు, "పంపండి". మీరు పెట్టిన స్క్రీన్ ఫోటోలో "లక్ష్మీపురం" అన్న చోట వత్తులు బటన్ అంచు దగ్గర తెగిపోయాయి, చూసుకున్నారా? ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుస ఎత్తు తెలుగుకు చాలదు. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు తక్కువ కాకుండా ఇవ్వండి, తక్కువ ధర ఫోన్‌లో చూడండి.

అసలు మొదటి ఏడాది యాప్ కావాలా అన్నది కూడా ఆలోచించండి. ఇల్లు జన్మకోసారి కొంటారు. ఆ ఒక్కసారికి యాప్ దించుకోమంటే ఫోన్‌లో చోటు లేదంటారు. పైగా కొనేది ఒక్క మనిషి కాదు. కొడుకు బెంగళూరులోనో అమెరికాలోనో చూస్తాడు, నాన్న వెళ్లి గోడ తట్టి వస్తాడు, అమ్మ వంటగది చూసి తేలుస్తుంది. ఈ ముగ్గురి మధ్య తిరిగేది వాట్సాప్. ఇంటి పేజీ లింకు యాప్ లేకుండానే తెరుచుకోవాలి. లింకుతో పాటు వచ్చే చిన్న బొమ్మ మీద ధర, ఏరియా, నీళ్ల రీడింగ్ కనపడాలి.

డబ్బులు. బిల్డర్ దగ్గర లిస్టింగ్ ఫీజు తీసుకోవచ్చు, తనిఖీ ఫీజు మాత్రం అతని దగ్గర తీసుకోవద్దు. "మేం చూశాం" అన్న మాటకు విలువ పోతుంది. మేం కొనేవాళ్ల దగ్గర చిన్న మొత్తం తీసుకుని రిపోర్టు ఇచ్చాం. అది కుదిరింది, కానీ నలుగురి జీతాలకు చాలలేదు. మూసేయడానికి అసలు కారణం అదే. మీరిద్దరే కాబట్టి మీకు కుదరొచ్చు.

రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టంలో ఏజెంట్ నిర్వచనం చదవండి. ఏ మాధ్యమంలోనైనా కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ కలిపి కమిషన్ తీసుకుంటే మీరూ ఏజెంట్ కిందికి రావచ్చు, అప్పుడు రిజిస్ట్రేషన్ కావాలి. ఒక లాయరుకు చూపించి మొదలుపెట్టండి. యాప్‌లో టోకెన్ అడ్వాన్సు తీసుకునే బటన్ గీశారు, దాన్ని తీసేయండి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోవడానికి ప్రమోటరుకే, అంటే కట్టి అమ్మేవాడికే, వీల్లేదు, మధ్యలో మీకెందుకు టెన్షన్? ఇంకో డిజైన్ వివరం: 500 చదరపు మీటర్లకు మించని స్థలానికీ, 8 ఫ్లాట్లకు మించని కట్టడానికీ రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊళ్లలో అలాంటివి బోలెడు. కాబట్టి "రెరా వర్తించదు", "రెరా ఉండాలి, లేదు" అన్నవి రెండు వేరు మాటలు కావాలి. రెండింటికీ ఒకే ఎర్ర గుర్తు పెట్టి ఒక నిజాయితీపరుడైన మేస్త్రీ గారిని మేం బాధపెట్టాం.

ఫోన్ నంబర్లు. టైం అడిగినవాళ్ల నంబరు బిల్డర్‌కి నేరుగా పోనివ్వొద్దు. మా దగ్గర ఒకావిడ ఒక్క ఇల్లు అడిగితే సాయంత్రానికి పదకొండు ఫోన్లు వచ్చాయి. నంబరు బయటికి పోయింది మేం లిస్టు చేసిన ఒక ఏజెంటు దగ్గర్నుంచి. ఆవిడ మమ్మల్నే తిట్టింది, న్యాయమే. 2023 డేటా రక్షణ చట్టం వచ్చాక ఇది మర్యాద విషయం మాత్రమే కాదు.

ఇప్పుడు చేయాల్సింది కోడ్ కాదు. టీడీఎస్ మీటరు, గన్ థర్మామీటర్, ఒక నోటుబుక్కు తీసుకుని కందుకూరులోనే పది ఇళ్లకు వెళ్లండి, అమ్మకానికి లేనివైనా సరే. ఆ పదింటికి ఇంటి పేజీ కాగితం మీద నింపండి. ఎక్కడ పెన్ను ఆగిందో ఆ గడి తప్పుగా గీశారన్నమాట. సరిచేశాక ఆ ఒక్క పేజీ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.